ఎవరొచ్చినా లేవకూడదు

ఎర్రవంక వాగుకు అడ్డంగా కట్ట వేసినప్పుడు ఆ మట్టి మోసింది ఊరవతల గేరిలో ఉండే మేమే. కట్ట పూర్తయ్యాక చూసుకుంటే మా గేరి ఒక పక్కన, మేము కూలికి పోయే చేలు, సంత, ఆస్పత్రి, కదిరి బస్సు ఆగే చోటు అన్నీ ఇంకో పక్కన మిగిలాయి. నడుమనున్న బాట నీళ్లు నిండితే మునిగిపోతుంది. మా దారిని ముంచడానికి మేమే తట్టలెత్తాం. ఆ సంగతి మాకు ఎవడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏడాదికి నాలుగు వానలు పడితే గొప్ప అనుకునే చోట నీళ్లు నిండుతాయంటే ఎవడు నమ్ముతాడు?

కట్ట మీద నడిచి పోండి అన్నారు సమితి ఆఫీసులో. కట్ట రెండు గుట్టల మధ్య ఉంది. ఈ గుట్ట ఎక్కి, కట్ట దాటి, ముళ్లకంపల్లోంచి ఆ గుట్ట దిగేసరికి పొద్దు నడినెత్తికొస్తుంది. ఆ వేళకు వచ్చిన కూలీని ఎవడు పనిలో పెట్టుకుంటాడు? ఆఫీసులో కూర్చున్నవాళ్లకు నడక చాలా సులువు.

పడవకు అనుమతి ఇమ్మని మా కూలీ సంఘం అర్జీ పెట్టింది. దానికి జవాబు వచ్చేలోపే ఊళ్లో ఓబుళరెడ్డి నెల్లూరు వైపు నుంచి లారీలో చెక్క పడవ దింపించాడు. పచ్చరంగు, ముందర ఇత్తడి రేకు. ఆయనకు పడవ మీద సరదా ఏమీ లేదు. అంతకుముందు ఏడాది శెనక్కాయలు పీకే రోజుల్లో మేము కూలి పెంచమని పనులు ఆపాం. కాయ భూమిలోనే కుళ్లుతుందని భయపడి ఆయన దిగొచ్చాడు. ఆ దిగిరావడం ఆయన కడుపులో అట్లే ఉంది. ఇప్పుడు పడవ ఆయన చేతికొస్తే, నోరున్న కూలీ ఒడ్డునే నిలబడాలి. నోరు మూసుకున్నవాడే అవతలికి పోతాడు. ఇంత చిన్న విషయం అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

సమితి తరఫున కట్ట పనులు చూసే సూపర్వైజరు గుంటూరు వైపు కుర్రాడు. ఆయన రెండు పక్షాలవాళ్లనూ పిలిచి ఖండితంగా చెప్పాడు. ఈ రేవులో ఒక్క పడవకే అనుమతి. నీళ్లొచ్చాక ఒక రోజు పెట్టి రెండు పడవల్నీ మనుషులతో దాటించి చూస్తాడు. ఎవరు నియమాలు పాటించి క్షేమంగా తీసుకుపోతే వాళ్లదే రేవు. నియమాలు కూడా చదివి వినిపించాడు. పడవకు గీసిన గుర్తు దాటి బరువు ఎక్కించకూడదు. ఎదురుపడిన పడవలు రెండూ ఎవరి కుడిచేతి పక్కకు వాళ్లు తిరగాలి. పట్టుకుని తేలడానికి ఏదో ఒకటి పడవలో ఉండాలి. నడిమధ్యలో ఎవరూ, ఏ కారణానికీ, లేచి నిలబడకూడదు.

మా దగ్గర పడవ లేదు. తిమ్మక్క మాత్రం ఉంది.

తిమ్మక్క మా నల్లప్ప పెండ్లాం. తుంగభద్ర ఒడ్డున, పుట్టికి తోలు కుట్టే ఇంట్లో పుట్టింది. పుట్టి అంటే వెదురుతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. అడుగున తోలు కుట్టి తారు పూస్తే అదే పడవ. నడక రాకముందే అందులో కూర్చుని ఏరు దాటిన మనిషి, పెళ్లయి వచ్చి మా ఎండిన నేలలో ఇన్నేళ్లూ బతికింది. ఇక్కడ నీళ్లు మోయడం తప్ప నీళ్ల మీద పోయే పనే లేకపోయింది. అర్జీ సంగతి వినగానే ఆమె చీర కొంగు బిగించి లేచింది. వెదురు మేదరివాళ్ల దగ్గర అల్లించింది. తోలు పని మా చేతిలో ఉన్నదే కదా. గేరి గేరంతా కూర్చుని కుట్టాం. కుట్టు వదులైన చోటల్లా మా చేతుల మీద కొట్టి విప్పించింది. ఆమె నోటికి మొగుడూ ఒకటే, సంఘం పెద్దా ఒకటే.

పుట్టి తయారైంది. నీళ్లు లేవు. ఆకాశంలో మబ్బు జాడ కూడా లేదు. అయినా తిమ్మక్క ఆగలేదు. పుట్టిని కళ్లంలో పెట్టి, మమ్మల్ని అందులో కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టింది. శెనక్కాయ పొట్టు మీద పడవ నడిపిన జనం ఈ దేశంలో మేమే అయుంటాం. దారిన పోయే గొర్రెలకాపర్లు నిలబడి చూసి, చేపలు పడితే మాకూ పంపండప్పా అని ఎగతాళి చేశారు.

మొదటి రోజు మేమంతా బండి ఎక్కినట్టు ఎక్కాం. ముందు మూటలు వేసి, వెనక్కి పోయి, కాళ్లు చాపుకుని కూర్చున్నాం. తిమ్మక్క కాసేపు చూసింది. తర్వాత ఒక అంచు పట్టుకుని ఎత్తి అందర్నీ పొట్టులో బోర్లా పడేసింది.

"ఇట్లే పడతారు నీళ్లలో," అంది. "ఆడ పొట్టుండదు. లేసి దులుపుకోను మనిషీ ఉండడు."

ఆ తర్వాత బుద్ధిగా నేర్చుకున్నాం. ఒక్కొక్కరే నడుమ కాలు పెట్టాలి. ఇటొకరు కూర్చుంటే అటొకరు కూర్చోవాలి. మూటలు మధ్యలో. పిల్లలకు, ఈత రానివాళ్లకు నడుముకు ఎండిన సొరబుర్రలు కట్టాలి. మాలో ఈత వచ్చినవాడే లేడు గనక అందరికీ కట్టింది. మా ఇళ్లలో విత్తనాలు దాచుకునే సొరబుర్రలన్నీ ఖాళీ అయి నడుముల మీదికి వచ్చాయి. ఎవడైనా నీళ్లలో పడితే వాణ్ని లోపలికి ఎక్కించుకోకూడదు. అంచు పట్టుకోమని చెప్పి, ఏ ఒడ్డు దగ్గరైతే ఆ ఒడ్డుకు లాక్కుపోవాలి. ఎక్కనిస్తే వాడి బరువుకు అందరూ పోతారు.

కుడి ఎడమల దగ్గర పెద్ద రచ్చ అయింది. రోడ్డు మీద బండి ఎడమకు కదా పోయేది, నీళ్ల మీద కుడికేంది అని నల్లప్ప వాదించాడు. ఎదురొచ్చే పడవ మన ఎడమచేతి పక్కగా దాటాల, అంతే, నాకు కారణాలు తెలీవు, ఏటి మీద మా నాయనా అట్లే పోయినాడు, సూపర్వైజరు కాగితమూ అదే చెప్తాంది అని ఆమె తేల్చేసింది. నమ్మకం కుదరక, ఇద్దరు పిల్లల నెత్తిన బుట్టలు పెట్టి కళ్లంలో ఎదురెదురుగా నడిపించి చూశాం. ఇద్దరూ కుడికి తిరిగితే సాఫీగా దాటారు. ఒకడు కుడికి, ఒకడు ఎడమకు తిరిగితే ఢీకొని పడ్డారు. ఆటలో పడి ఆ పిల్లలు పొద్దుగూకేదాకా ఢీకొంటూనే ఉన్నారు.

ఇవన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే. యేసన్న కాళ్లు.

యేసన్న మా గేరిలో అందరికన్నా బలమైన మనిషి. పుట్టికి ముందొక తెడ్డు, వెనకొక తెడ్డు. ముందుది తిమ్మక్కది. నిండు బరువుతో పుట్టి గిరగిరా తిరక్కుండా వెనక నిలవరించే చేతులు యేసన్నవి తప్ప ఇంకెవరివీ లేవు. ఆయన్ను దింపేసి పోదామంటే కుదరదు. ఆ యేసన్న మీసాలు రాకముందు నుంచీ ఓబుళరెడ్డి ఇంట్లో జీతగాడు. రెడ్డి కనబడితే కూర్చున్నవాడు లేవాలి. మా అందరికీ ఉన్న అలవాటే, కానీ సంఘం పెట్టాక మేము కొంచెం కొంచెంగా మానుకుంటున్నాం. యేసన్నకు అది ఎముకల్లోకి పోయింది. కళ్లం పక్కనున్న దారి మీద రెడ్డి గుర్రబ్బండి గంట వినబడితే చాలు, తెడ్డు వదిలేసి నిటారుగా లేచి నిలబడేవాడు. లేచిన ప్రతిసారీ తిమ్మక్క పుట్టిని ఒరగదీసి అందర్నీ పడేసేది. ఆయన వల్ల మేము తిన్న పొట్టు ఇంతా అంతా కాదు.

"నేను లేయలే తిమ్మక్కా," అనేవాడు పాపం. "కాళ్లే లేసినాయి."

"అట్లయితే కాళ్లు ఇంట్లో పెట్టి రాప్పా."

యేసన్న భార్య హనుమక్క పక్కనుంచి ఊరుకునేది కాదు. నేను ముద్దకు పిలిస్తే ఎన్ని కేకలేసినా లేయడు, రెడ్డి దగ్గితే లేస్తాడు అని దెప్పేది. చివరికి ఆమే ఉపాయం చెప్పింది. మొగుడి వెనక కూర్చుని, ఆయన మొలతాడు పట్టుకుంటుంది. లేవబోతే లాగి కూలేస్తుంది. అందరూ నవ్వారు. వేరే దారి లేక ఒప్పుకున్నారు.

హస్త కార్తెలో వాన పడింది. మామూలు వాన అనుకునేరు. మూడు రాత్రులు పైకప్పుల మీద రాళ్లు కురిసినట్టు కురిసింది. తెల్లవారి బయటికొస్తే వంక అరుస్తోంది. మా ముసలివాళ్లు సైతం ఆ శబ్దం మరిచిపోయారు. ఎర్రటి నీళ్లు, కంపలు, కొట్టుకొచ్చిన తుమ్మమొద్దులు, నురుగు. గేరంతా బాట దగ్గరికి ఉరికింది. పిల్లలు అరుస్తున్నారు, ఆడవాళ్లు పసుపు చల్లుతున్నారు, గొర్రెలు బెదిరి గుట్టెక్కాయి. నీళ్లు బాట మీదికొచ్చి, బాట పక్క రాయి మీదికొచ్చి, మేము మట్టి తవ్విన గుంతలన్నీ నింపుకుంటూ మా కాళ్ల దగ్గరికి వచ్చాయి. ఇంత నీళ్లు. ఇంత నీళ్లు మా ఇంటి ముందు. ఏడ్చినవాళ్లున్నారు. తిమ్మక్క మాత్రం మోకాళ్లలోతు దిగి, చేత్తో నీళ్లు కొట్టి చూసి, పుట్టి తెమ్మంది.

వంక తగ్గి నీళ్లు నిలిచాక పట్టపగలు సాధన మొదలైంది. పొట్టు మీద నేర్చుకున్నది నీళ్ల మీద పనికొస్తుందా అని అందరికీ అనుమానం. పుట్టి ఒడ్డు వదిలి, కింద నేల లేదని ఒంటికి తెలిసిన క్షణంలో మాకొచ్చిన కేరింత చెప్పలేను. చంటిపిల్లల్లాగా నవ్వాం. లేవాలనిపించింది, చూడాలనిపించింది, చేతులు నీళ్లలో పెట్టాలనిపించింది. ఎవ్వరమూ లేవలేదు. ఎవరి చోట వాళ్లం, గుర్తుపెట్టుకుని, కూర్చునే నవ్వాం.

సూపర్వైజరు చెప్పిన రోజు వచ్చింది. ఆయన పొద్దున్నే గుట్టల మీదుగా నడిచి మా ఒడ్డుకు వచ్చాడు. ముళ్లు గీరుకుని ప్యాంటు చిరిగింది. కట్ట మీద నడిచిపోండి అన్న ఆఫీసులో ఒక్కడికైనా ఆ నడక ఏమిటో తెలిసింది. మా పుట్టి ఈ ఒడ్డు నుంచి నిండు మనుషులతో బయలుదేరాలి. ఓబుళరెడ్డి పడవ ఊరి ఒడ్డు నుంచి బయలుదేరాలి. రెండూ మధ్యలో ఒకదాన్నొకటి దాటి అవతలి ఒడ్డులు చేరాలి.

రెడ్డి పడవతోపాటు నెల్లూరు నుంచి వచ్చిన సరంగు, పడవ నడిపేవాడు, ఒకడుండేవాడు. పడవలో తనకు పరుపు కుర్చీ వేయించమన్నాడు రెడ్డి. కుర్చీ వేస్తే పడవ తలబరువవుతుందన్నాడు సరంగు. మాట మీద మాట పెరిగి వాడు ఇంటికి పోయాడు. ఇప్పుడు చుక్కాని పట్టింది పాపన్న, రెడ్డి బండి తోలే మనిషి. మంచివాడే. గుర్రంతో మాట్లాడగలడు. చుక్కానితో మాట్లాడటం ఎవరూ నేర్పలేదు. పడవ నిండా రెడ్డి పాలేర్లు. మధ్యలో కుర్చీ, కుర్చీలో తలపాగాతో రెడ్డి.

మేము బయలుదేరాం. తిమ్మక్క ముందు, యేసన్న వెనక, ఆయన వెనక మొలతాడు పట్టుకుని హనుమక్క. నేను నడుమ మూటల పక్కన, పక్కింటి పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గాలి లేదు. తెడ్లు ఒక్క తీరుగా పడుతున్నాయి. ఆ పడవ మాకు ఎదురుగా పెద్దదవుతూ వచ్చింది.

తిమ్మక్క నియమం ప్రకారం కుడికి తిప్పింది. పాపన్న ఎడమకు తిప్పాడు. రోడ్డు మీద ఇన్నేళ్లు బండి తోలిన చేయి, ఎదురొస్తే ఎడమకే పోతుంది. అంటే రెండూ ఒకే పక్కకు వచ్చాయి. పచ్చపడవ ఇత్తడి రేకు నేరుగా మా మీదికే వస్తోంది.

తిమ్మక్క తెడ్డు అడ్డం పెట్టి పుట్టిని నిలిపింది. గొంతు చించుకోలేదు. పాపన్నకు వినబడేట్టు చెప్పింది.

"కుడిచేతికి తిప్పు పాపన్నా. చెలకోల పట్టే చెయ్యి. దాని పక్కకు."

పాపన్నకు అర్థమైంది. చుక్కాని నెట్టబోయాడు. కానీ కుర్చీలోని మనిషికి అది నచ్చలేదు. మా గేరి ఆడది తన బండివాడికి ఆజ్ఞ ఇవ్వడమా, తన పడవ తప్పుకోవడమా? నేరుగా పోనీమన్నాడు. దారిలో ఆయన ఎదురైతే పొలంలోకి దిగి నిలబడేవాళ్లం, ఇక్కడా దిగుతామనుకున్నాడో ఏమో. దిగడానికి నీళ్లు తప్ప ఏముంది? మేము కదలకపోయేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పక్కకు తియ్యండ్రా," అని అరిచాడు.

రెడ్డి లేస్తే యేసన్న లేస్తాడు. ఆ భయంతో అందరం వెనక్కి చూశాం. ఇత్తడి రేకు చూసి బెదిరిన హనుమక్క ఎప్పుడో మొలతాడు వదిలేసి కళ్లు మూసుకుంది. యేసన్నను పట్టుకున్నవాళ్లు ఎవరూ లేరు. ఆయన తొడలు వణుకుతున్నాయి. మోకాళ్లు పుట్టి అడుగున గట్టిగా నొక్కుకుని, రెండు చేతులా తెడ్డు పట్టుకుని, రెడ్డి ముఖం వంక చూస్తూ కూర్చునే ఉన్నాడు.

లేచింది అవతలివాళ్లు. రెడ్డి నిలబడితే పాలేరు కూర్చోవచ్చునా? తరాలుగా నేర్పిన మర్యాద. పడవలో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా లేచి, ఆయన చూస్తున్న వైపే తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. పడవకు మర్యాద తెలియదు. ఒరిగింది. కుర్చీ జారింది. చూస్తుండగానే పచ్చరంగు పోయి నల్లటి అడుగు పైకి వచ్చింది.

మా పుట్టిలో ఒక్కరూ లేవలేదు. తిమ్మక్క రెండు మాటల్లో పని పంచింది. నడుముల మీది సొరబుర్రలు కొన్ని విప్పి విసిరాం. బోర్లాపడిన పడవను పట్టుకోండి, వదిలి ఈదొద్దు అని పాపన్నకు, పాలేర్లకు కేకేసింది. చెక్క పడవ తేలుతూనే ఉంది గనక వాళ్లు దాన్ని కరుచుకున్నారు. ఓబుళరెడ్డి మాత్రం మా వైపు కొట్టుకొచ్చి, యేసన్న పక్కన పుట్టి అంచు దొరకబుచ్చుకున్నాడు. తలపాగా లేదు. నోట్లో నీళ్లు. రెండు మోచేతులూ అంచు మీద వేసి పైకి లేవబోయాడు. పుట్టి ఆ పక్కకు కుంగింది. నీళ్లు లోపలికి వచ్చి నా ఒళ్లో పిల్ల కాళ్లు తడిశాయి.

"ఎక్కొద్దు సామీ," అన్నాడు యేసన్న. "అంచు పట్టుకో సాలు."

రెడ్డి వినలేదు. మళ్లీ ఎగిరాడు. ఇంకో చెంబెడు నీళ్లు వచ్చాయి. అప్పుడు యేసన్న తెడ్డు కింద పెట్టి, ఆ రెండు మోచేతులూ పట్టి నీళ్లలోకి దించేశాడు. మణికట్లు మాత్రం వదల్లేదు.

"ఎక్కొద్దంటి కదా. నీ ఒక్కనికోసరం ఇందరూ సావాల్నా? గమ్ముగుండు. నేను పట్టుకోనుండా. కాళ్లాడిచ్చు."

ఓబుళరెడ్డి గమ్మున ఉన్నాడు. యేసన్న చెప్పినట్టు కాళ్లాడించాడు. మేము కూర్చునే అవతలి పక్కకు జరిగి బరువు సరిచేశాం. యేసన్న చేతులు ఖాళీ లేవు గనక నల్లప్ప వెనక తెడ్డు అందుకున్నాడు. పుట్టి కాస్త తిరిగింది, కాస్త వంకర పోయింది, అయినా దగ్గరి ఒడ్డుకు చేరింది. దగ్గరి ఒడ్డు మాదే.

ఆ మనిషి మా గేరి మట్టి మీద అడుగు పెట్టడం అదే మొదలు. పాకుతూ పెట్టాడు. లేచి నిలబడి, నీళ్లు కారుతూ, మా వైపు తిరిగాడు. పుట్టిలో అందరం కూర్చునే ఉన్నాం. తాడు కట్టేదాకా లేవకూడదని తిమ్మక్క నేర్పింది. తిమ్మక్క తాడు కడుతోంది. నిదానంగా, ముడి మీద ముడి వేస్తోంది. అంత నిదానంగా ఆమె ఏ పనీ చేయగా నేను చూడలేదు.

మమ్మల్ని దింపి, ఖాళీ పుట్టితో తిమ్మక్కా నల్లప్పా మళ్లీ పోయి, బోర్లాపడిన పడవ దగ్గర్నుంచి పాలేర్లను కొంతమంది కొంతమందిగా తీసుకొచ్చారు. ఒక్క ప్రాణం పోలేదు. కుర్చీ పోయింది. అందరూ వచ్చేదాకా సూపర్వైజరు ఒడ్డున అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చివరి మనిషి దిగాక రుమాలుతో ముఖం తుడుచుకుని, "రేపటి నుంచి మీరే నడుపుకోండి," అన్నాడు. ఆనక ముళ్లకు చిరిగిన ప్యాంటు చూసుకుని, తనను కూడా ఊరి ఒడ్డున దించమని తిమ్మక్కను అడిగాడు. ఎక్కడ కూర్చోవాలో చెప్పి, ఆయన నడుముకూ ఒక సొరబుర్ర కట్టింది.

మా ఆడవాళ్లు అరిచిన అరుపులకు గుట్ట మీది కొంగలు లేచిపోయాయి. యేసన్నను భుజాల మీద ఎత్తబోతే, వద్దప్పా, కాళ్లింకా వణుకుతాండాయి అని ఒడ్డునే చతికిలబడ్డాడు. హనుమక్క ఆయన తల తుడుస్తూ తిడుతోంది.

ఓబుళరెడ్డి ఇంటికి పోవాలి. ఉన్నది ఒక్క పుట్టి. అందులో మా మనుషుల మధ్య, తోలు మీద, కింద కూర్చోవాలి. ఆయన గుట్ట వైపు నడిచాడు. పాలేర్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తడిసి వణుకుతున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తిమ్మక్క చూపిన చోట, ఇటొకరు అటొకరు కూర్చున్నారు. చివర పాపన్న వచ్చాడు. పుట్టిలో కాలు పెట్టాడో లేదో గుట్ట మొదట్లో నుంచి రెడ్డి పిలుపు వినబడింది. పాపన్న అట్లే ఆగిపోయాడు. పుట్టి ఊగుతోంది.

తిమ్మక్క తాడు విప్పి చేతిలో పట్టుకుని ఉంది.

"ఒక కాలు ఒడ్డునా ఒక కాలు పుట్టిలోనా పెట్టి నిలబడగూడదు పాపన్నా. నడుమ పడతావు. యాడుండాల్నో సూసుకో."

రెడ్డి ఇంకోసారి పిలిచాడు. పాపన్న గుట్ట వైపు చూశాడు. రెండో కాలు కూడా లోపల పెట్టి, సూపర్వైజరు పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు. తిమ్మక్క ఒడ్డును కాలితో నెట్టింది.